లేచినవానికి దరువు

ఈసారి పునరుత్థాన పండుగ తెల్లవారుజామున సమాధుల తోటలో మా సంఘం కుర్రవాళ్ళు డప్పులు కొట్టారు. మడికొండ వైపు కొత్తగా వెలసిన ఇళ్ళ పిల్లలు. ఎక్కడ నేర్చుకున్నారో గాని బాగానే కొట్టారు. పాట అయిపోయాక మా చిన్న పాస్టరుగారు మైకు పట్టుకుని, ఒకప్పుడు మన పెద్దలు డప్పును పాత బతుకు అనుకుని విడిచిపెట్టారని, ఈ రోజు దేవుడు దాన్ని తిరిగి మన చేతికి ఇచ్చాడని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. నన్ను చూపించాడు.

"ఇదిగో, ఈ అంకుల్ వాళ్ళ తాతగారు ప్రభువు మీది ప్రేమతో తన డప్పును తన చేతులతోనే పొయ్యిలో పెట్టేశారు. అలాంటి భక్తులు పుట్టిన సంఘం మనది."

అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నేను తల వంచి చేతులు జోడించాను. ఆ కథ పాస్టరుకు చెప్పింది నేనే. నాకంటే ముందు సంఘంలో చెప్పింది మా నాన్న, మేము బాపు అని పిలిచేవాళ్ళం. బాపు పోయాక ఆయన జ్ఞాపకార్థ కూడికలో నేను చెప్పాను, తరువాత యువజన కూడికల్లో చెప్పాను. చెప్పగా చెప్పగా అది ఏటి రాయిలాగా నున్నగా తయారైంది. ఎక్కడ పట్టుకున్నా గుచ్చుకోదు.

ఇంటికి వచ్చి పండుగ అన్నం సగంలోనే వదిలేసి లేచాను. పొద్దున్నే లేచినందుకు అలసిపోయాననుకుంది నా భార్య. అలసట నిజమే, కాని అది ఆ పొద్దుటిది కాదు. అది జరిగిననాటి బాపు వయసు నేను ఎప్పుడో దాటిపోయాను. ఇప్పుడైనా ఉన్నది ఉన్నట్టు రాయకపోతే రాసేవాళ్ళెవరూ మిగలరు.

అప్పుడు మేము కాజీపేటలో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. బాపు లోకోషెడ్డులో ఫిట్టరు. ఆయన అంగీలకు బొగ్గు, నూనె, బీడీ కలిసిన వాసన ఉండేది. ఎన్ని నీళ్ళు పోసి ఉతికినా అది పోయేది కాదు. అమ్మ తెల్ల బట్టలు ఆరేస్తే గాలి షెడ్డు వైపు నుంచి వచ్చిన రోజు వాటి మీద నల్ల చుక్కలు పడేవి. "పండుగకైనా తెల్లబట్ట కట్టనియ్యవు గదనే!" అని అమ్మ ఇంజన్ను ఆడమనిషిని తిట్టినట్టు తిట్టేది.

ఆ ఏడు ఊళ్ళో బాపమ్మ, అంటే బాపు తల్లి, చనిపోయింది. ఊళ్ళో ఒంటరిగా ఎందుకని బాపు తాతను మా దగ్గరికి తీసుకొచ్చాడు. తాత ఒక బట్టల మూట, ఒక గోనెసంచి పట్టుకుని రైలు దిగాడు. సంచిలో ఏముందో అమ్మకు ముక్కుతోనే తెలిసిపోయింది.

"మామా, గదెందుకు తెచ్చినవ్?" అంది.

"బట్టలు మర్సినా ఇది మర్వనవ్వా," అన్నాడు తాత.

డప్పు. దాన్ని అమ్మ వంటింటి అటక మీద, పాత పెట్టెల వెనక దాచింది. ఎందుకు దాచిందో అప్పటికే నాకు తెలుసు. ఊళ్ళల్లో డప్పు కొట్టేది మా మాదిగవాడ వాళ్ళే. డప్పు కనబడితే కులం అడగనక్కరలేదు. కాలనీలో గార్డులు, డ్రైవర్లు, బడిపంతుళ్ళు, రకరకాల క్రైస్తవ కుటుంబాలు ఉండేవి. సంఘంలో అందరూ ప్రభువు బిడ్డలే. అయినా పెళ్ళిసంబంధాల మాట వచ్చేసరికి ఎవరు ఎవరో అందరికీ గుర్తుండేది. బాపు సంఘపు సెక్రటరీ. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరుసలో నిలబడేవాడు. మాది ఏ ఊరని ఎవరైనా అడిగితే "ఈడనే, దగ్గర్నే" అనేవాడు.

తాత వయసులో ఉన్నప్పుడు వాడకు వాడే బాప్తిస్మం తీసుకుందట. అప్పుడు పెద్దలు ఇకమీదట చావులకూ జాతరలకూ డప్పు కొట్టవద్దన్నారు. చాలామంది డప్పులు అమ్ముకున్నారు. తాత కొట్టడం మానేశాడు గాని డప్పును మాత్రం గోడకు తగిలించి ఉంచుకున్నాడు. కొట్టడం మానిన వేళ్ళు ఊరుకోవు కదా. మా ఇంట్లో కంచం మీద, ట్రంకుపెట్టె మీద, తలుపు మీద ఎప్పుడూ ఏదో ఒక దరువు ఆడుతూ ఉండేది. నన్ను పండుకోబెట్టేటప్పుడు నా వీపే డప్పు. "ఇది పెండ్లిది. ఇది దండోరాది. ఇది పులిని తరిమేది," అని చెబుతూ కొట్టేవాడు. పులిని తరిమేదానికి నాకు నవ్వాగేది కాదు, నిద్ర వచ్చేది కాదు.

"పోరన్ని పండుకోనియ్యవా?" అని అమ్మ అరిచేది.

"నేనేంజేస్తనవ్వా, పులి పోతలేదు," అనేవాడు తాత.

శ్రమదినాలు వచ్చాయి. పండుగకు ముందటి నలభై రోజులూ మా ఇంట్లో మాంసం లేదు, అమ్మ తలలో పువ్వు లేదు. సాయంత్రం ప్రార్థన ఎవరింట్లో జరిగితే వాళ్ళు ఉడికించిన శనగ గుడాలు పంచేవాళ్ళు. పిల్లలం ప్రార్థన కంటే ముందు గుడాల గిన్నెను చూసుకునేవాళ్ళం. అమ్మ షెడ్డుకు బాపు అన్నం డబ్బా కట్టి పంపాక మధ్యాహ్నాలు ఒంటిపూట బడి నుంచి వచ్చి నేను, తాత పట్టాల పక్క మైదానానికి పోయేవాళ్ళం. సంచిలో డప్పు ఉండేది. అమ్మ కునుకు తీస్తుండగా అటక మీద నుంచి దాన్ని దించడం నా పని.

తాత ఎండుగడ్డి మంట వేసి డప్పు తోలును దానికి చూపిస్తూ గుండ్రంగా తిప్పేవాడు. తోలు వేడెక్కుతుంటే ఒక వాసన వచ్చేది, కాలిన గడ్డి, పాత చెప్పు, వేయించిన గింజలు కలిసినట్టు. "కాపకపోతే ఇది డప్పు గాదు బిడ్డా, సాట," అనేవాడు. వేలితో కొట్టి చూసి, అది ఖంగుమనేదాకా కాపేవాడు. తరువాత కుడిచేత లావు కర్ర, ఎడమచేత సన్న పుల్ల పట్టుకుని కొట్టేవాడు. గూడ్సు బండి పోతున్నప్పుడే కొట్టేవాడు, కాలనీకి వినబడకుండా.

ఒకరోజు చావు దరువు కొట్టి చూపించి మధ్యలో చప్పున ఆపేశాడు.

"ఏమైంది తాతా?"

"ఈడ ఆపాలె. దింపుడు కల్లం."

శవాన్ని మోసుకుపోయేటప్పుడు శ్మశానానికి ఇవతల ఒకచోట పాడెను దించుతారు. చనిపోయినవాని చెవిలో సొంతవాళ్ళు పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతాడేమోనని. మావాళ్ళు క్రైస్తవులయ్యాక ఆ ఆచారం మానేశారు. తాత దాన్ని నాకు చెప్పి కర్ర గాలిలో ఎత్తి పట్టుకున్నాడు.

"పిలిసేదాంక గిట్ల పట్టుకోని నిలబడాలె. నేను ఎన్ని పీనుగలకు నిలబడ్డనో. అందరు ఏడుస్తాంటరు. నేను మాత్రం ముఖం దిక్కు సూస్తాంటి. లేస్తడేమో, లేస్తడేమోనని. ఒక్కడు లేవలే."

"లేస్తే?"

"అదే గదరా! లేస్తే ఏం గొట్టాలె? మా నాయినను అడిగిన. పెండ్లికున్నది, పురుడుకున్నది, సావుకున్నది, పులికి గూడ ఉన్నది. లేసినోనికి దరువు లేదు. 'ఎవడు లేసిండని నేర్పిస్తర్రా పిచ్చోడా' అన్నడు మా నాయిన."

తాత కర్ర దించాడు. "మల్ల కొన్నొద్దులకు మన వాడకు ఉపదేశి వచ్చిండు. ఒకాయన సమాధిలకెల్లి లేసిండని జెప్పిండు. అందరు పాపాలు పోతయన్నందుకు మునిగిండ్రు. నేను గీ ముచ్చటకు మునిగిన. ఒక్కడు లేసిండు! గప్పటిసంది ఆ దరువు నా నెత్తిల దిరుగుతాంది."

"కొట్టు తాతా, విందాం."

"ఉత్తగ కొడితె అది ఉత్తదైతది. లేసిన దినమే కొట్టాలె."

ఆ రాత్రి అన్నాల దగ్గర తాత బాపును అడిగాడు. పండుగ పొద్దున అందరూ సమాధుల తోటకు పోయి కొవ్వొత్తులు వెలిగించి పాడతారు కదా, అప్పుడు ఒక్కసారి కొట్టనివ్వమన్నాడు.

బాపు ముద్ద కంచంలో పెట్టేశాడు. "నాయినా, నీకు దండం బెడత. నేను సెక్రటరీని. పెద్దలు ఒప్పుకోరు."

"అడిగినవా?"

"అడిగేదేంది? నాకు తెల్వదా?"

"సావులకు గొట్టిన చేతులురా ఇవి. సావే సచ్చిన దినం కొట్టకపోతె ఇంకెందుకు?"

 అమ్మ తాత కంచంలో ఇంకొంచెం పచ్చిపులుసు పోసింది. బాపు చెడ్డవాడు కాదు. లోకోషెడ్డులో తోటివాళ్ళు తనకు టీ కప్పు వేరుగా పెట్టిన రోజులు ఆయన చూశాడు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది.

పండుగకు ముందటి సాయంత్రం గాలివాన పడింది. రాలిన మామిడికాయలు ఏరుకొచ్చి ఇస్తే అమ్మ తొక్కు నూరింది. తాత వరండాలో కూర్చుని ఎండుగడ్డి ఒక కట్ట తడవకుండా గోనెసంచిలో డప్పుతో పాటు చుట్టాడు. నన్ను దగ్గరికి పిలిచి అగ్గిపెట్టె నా జేబులో పెట్టాడు.

"లోపల అద్దన్నరు గని, గేటు బయట కొడితె ఎవనికేం? సప్పుడు గోడ దుంకుతది. నువ్వు ఇది వట్టుకోని గోడ ఎనుక ఉండు. ఆఖరు పాట మొదలుగాంగనే మంటేసి కాపు. పాస్టరు 'ఆయన లేచెను' అన్నప్పుడు నేను బయటికొస్త. గప్పటికి ఖంగుమనాలె. చేస్తవా?"

"చేస్త తాతా."

"బాపుకు చెప్పకు."

"చెప్ప."

నాకు ఆ రాత్రి ఎంత గర్వంగా ఉండిందో ఇప్పటికీ గుర్తుంది.

చీకటి ఉండగానే గంట మోగింది. అమ్మ చాలా రోజుల తరువాత మల్లెలు పెట్టుకుంది. ఆడవాళ్ళందరి తలల్లోనూ మల్లెలే. ఆ వాసన, కొవ్వొత్తుల వాసన, తడిసిన మట్టి వాసన కలిసి వీధంతా నిండాయి. పాడుకుంటూ రైలుగేటు దాటి సమాధుల తోటకు పోయాము. నేను వెనక నుంచి సంచి పట్టుకుని గోడ పక్కకు తప్పుకున్నాను. లోపల ఒక్కొక్క సమాధి మీద ఒక్కొక్క దీపం వెలుగుతోంది. ఆఖరు పాట మొదలైంది. నేను సంచి విప్పాను.

అప్పుడే గార్డుగారి కొడుకు, వాడి వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. మేమంతా ఒక్క తరగతి.

"ఈడేం జేస్తానవ్‌రా?" అన్నాడు వాడు. సంచిలోకి తొంగిచూశాడు. "అరే, డప్పు! మీ తాతదారా? మీరు డప్పుగొట్టేటోళ్ళా?"

"మాది గాదు," అన్నాను.

"మరి ఎవరిది?"

"నాకేం తెలుసు. ఎవరో పడేసి పోయిన్రు."

మూడోవాడు దాన్ని సంచిలోంచి లాగి కాలితో తిప్పి చూశాడు. నేను కూడా కాలు పెట్టి దాన్ని పక్కకు నెట్టాను. అది తడిగడ్డిలో బోర్లాపడింది. వాళ్ళతో పాటు లోపలికి పోయి కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డాను. యేసును ఎరగనని పేతురు మూడుసార్లు బొంకిన కథ ఆదివారపు బడిలో అందరికంటే బాగా చెప్పి బహుమతి తెచ్చుకున్నవాణ్ణి నేను.

పాస్టరుగారు "ఆయన లేచెను" అన్నాడు. "నిజముగా లేచెను" అని అందరూ అరిచారు. తాత జనంలో నుంచి బయటికి నడవడం చూశాను. తల ఎత్తుకుని, పెళ్ళికొడుకులాగా నడిచాడు.

ఆ తరువాత ఒక చప్పుడు వచ్చింది. తడి గోనెను కర్రతో కొట్టినట్టు. ఇంకోసారి వచ్చింది. అంతే.

గేటు దగ్గర ఎవరో నవ్వారు. "ముసలాయనకు పండుగ ఎక్కిందిరో!" అన్నారు. నేను బయటికి పరుగెత్తేసరికి బాపు అక్కడ ఉన్నాడు. ఆయన ముఖం నల్లబడి ఉంది.

"నా ఇజ్జత్ తీసినవ్ గదా నాయినా."

తాత డప్పును అంగీ అంచుతో తుడుస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి చాపాడు. అగ్గిపెట్టె ఇచ్చాను. తెరిచి చూశాడు. ఒక్క పుల్ల కూడా తగ్గలేదు. సంచిలో గడ్డి కట్ట కట్టినట్టే ఉంది. పెట్టె మూసి నడుముకు దోపుకున్నాడు.

"వీడెందుకున్నడు ఈడ? వీనికి గూడ నేర్పుతానవా?" అన్నాడు బాపు.

"పోరన్ని ఏమనకు," అన్నాడు తాత. "రాత్రి వాన గొట్టింది. తోలు మెత్తవడ్డది. వాడేంజేస్తడు."



మధ్యాహ్నం బగారన్నం, మాంసం కూర. తాత అందరితో కూర్చుని తిన్నాడు. బొక్కలో మూలుగ తీసి నా కంచంలో వేశాడు. "తిను, ఎదుగుతవ్," అన్నాడు. ఆ ముక్క నేను తిన్నాను. తినలేదని రాయాలని ఉంది గాని, తిన్నాను.

మరునాడు పొద్దున స్నానానికి నీళ్ళు కాగబెట్టే పొయ్యి దగ్గర తాత కూర్చున్నాడు. డప్పు చట్రాన్ని మోకాలి మీద విరిచి పొయ్యిలో పెట్టాడు. తోలును కూడా పెట్టాడు. ఇల్లంతా కాలిన వాసన. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చి, చూసి, తిట్టబోయి ఆగిపోయింది. "మామా, గట్లెందుకు జేస్తానవ్?" అంది. ఆమె గొంతులో కోపం లేదు.

"పొయ్యికి కట్టె తక్కువైందవ్వా," అన్నాడు తాత.

జరిగింది ఇంతే. కాల్చింది ఆయన చేతులే, ఆ మాట నిజం. భక్తి కోసం కాల్చలేదు. ఒక్క దరువు కొట్టడానికి బతుకంతా కాచుకున్న మనిషి, ఆ డప్పును తన మనుమడే కాపకుండా తడిగడ్డిలో వదిలేసి పోయాడని తెలుసుకుని కాల్చాడు.

ఆ వచ్చే ఆదివారం బాపు సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాడు. మా నాయిన పాతవాటిని అగ్నిలో వేశాడని అన్నాడు. అందరూ "స్తోత్రం" అన్నారు. పాస్టరుగారు వచ్చి తాత తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. తాత చాప మీద కూర్చుని ఊరుకున్నాడు. బాపు తన పరువు కాపాడుకుంటున్నాడని ఆయనకు తెలుసు. ఆ మాట కాదంటే నా సంగతి బయటపడుతుందనీ తెలుసు. ఇద్దరినీ ఆయన మౌనమే కాపాడింది.

ఆ తరువాత తాత వేళ్ళు దేని మీదా ఆడలేదు. నా వీపు మీద చెయ్యి వేసేవాడు. ఊరికే వేసి ఉంచేవాడు.

నేను పై తరగతులకు వచ్చాక ఒక వానాకాలం తాత రైల్వే దవాఖానలో చనిపోయాడు. ఊరి నుంచి ఆయన పాత జతగాడు వచ్చాడు. ఇద్దరూ కలిసి డప్పులు కొట్టినవాళ్ళు. పాటలు పాడుకుంటూ శవపెట్టెను మోసుకుపోతుంటే రైలుగేటు పడింది. పొడవాటి గూడ్సు. మోసేవాళ్ళ భుజాలు లాగుతున్నాయి. పెట్టెను రోడ్డు మీద దించారు. బండి చప్పుడుకు పాట కూడా ఆగిపోయింది.

ఆ ముసలాయన చుట్టూ చూశాడు. పెట్టె తల వైపు గొంతుక్కూర్చుని చెక్కకు నోరు ఆనించి పిలిచాడు. అది బాప్తిస్మపు పేరు కాదు. తాతకు అంతకుముందున్న పేరు, నేను మొదటిసారి విన్నాను. మూడుసార్లు పిలిచాడు. పెద్దలు ఏమంటారోనని నేను బాపును చూశాను. బాపు బండి వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ముసలాయనను ఆపలేదు.

గేటు లేచింది. మోసుకుపోయారు.

పండుగ దాటిన వారం చిన్న పాస్టరుగారి దగ్గరికి పోయి ఇదంతా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. "అంకుల్, అప్పుడు మీది చిన్న వయసు. దేవుడు ఎప్పుడో క్షమించి ఉంటాడు," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. దేవుడు క్షమించాడనే నేను కూడా అనుకుంటున్నాను. కాని తాతను అడగలేదు కదా. ఆయన బతికి ఉన్న రోజుల్లో ఎన్ని మధ్యాహ్నాలు ఒక్క మంచం మీద పడుకున్నామో, అడగలేదు.

పునరుత్థానం అంటే సంతోషమని ప్రతి ఏటా వింటాను. నిజమే. చనిపోయిన మనవాళ్ళను మళ్ళీ చూస్తాము. అయితే లేచేవాళ్ళలో మనం అన్యాయం చేసినవాళ్ళు కూడా ఉంటారని ఏ ప్రసంగంలోనూ వినలేదు. చనిపోయినవాళ్ళు లేవకపోతే నాకు సుఖమే. నా తప్పు ఆయనతో పాటే మట్టిలో కలిసిపోయినట్టు. లేస్తారని నమ్ముతున్నాను కాబట్టే ఈ బరువు. ఈ వయసులో వేరే నమ్మకం వెతుక్కునే ఓపిక లేదు, అక్కర కూడా లేదు. ఆయన లేవాలనే కోరుకుంటున్నాను.

ఆ దరువు ఎట్లా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఆ రోజు ఆయన దాన్ని కొడతాడో లేదో తెలియదు. కొట్టకముందే నేను ఎదురుపోయి ఒక మాట చెప్పాలి. వాన కాదు తాతా, నేనే. ఆ సంగతి ఆయనకు అగ్గిపెట్టె తెరిచినప్పుడే తెలుసు. అయినా నా నోటితో చెప్పాలి.